ఇత్తడి పళ్లెం కింద ఉప్పు

లక్ష్మీనర్సయ్య వేళ్లు ఊరుకునేవి కావు. యూనివర్సిటీలో ఫిజిక్సు ల్యాబు బల్లల మీద గుడ్డ తిప్పుతున్నా, బ్యాటరీల్లో నీళ్లు పోస్తున్నా, ఎడమచేతి వేళ్లు పక్కనున్న దేన్నో ఒకదాన్ని పలకరిస్తూనే ఉండేవి. చెక్క ఒక మాట చెప్పేది. గాజు ఇంకో మాట చెప్పేది. తార్నాకలో అతను అద్దెకున్న గది తలుపుకు కూడా ఒక గొంతు ఉందని భార్య సారలమ్మకు తెలుసు. సాయంత్రం పూట ఆ గొంతు వినిపిస్తేనే ఆమె పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టేది.

అతనిది జనగామ వైపు సేద్యం చేసుకునే ఇల్లు. నాగలి అన్నల వంతుకు వచ్చింది, పట్నం ఇతని వంతుకు వచ్చింది. వారాసిగూడలో మేనమామ ఇంట్లో ఉంటూ పెళ్లి బ్యాండులో ఝాంజ్ కొట్టడంతో బతుకు మొదలుపెట్టాడు. ఝాంజ్ అంటే పెద్ద ఇత్తడి తాళం. ఊరేగింపులో అందరికన్నా వెనక నడుస్తుంది, అందరికన్నా ముందు వినిపిస్తుంది. ల్యాబులో అటెండరు ఉద్యోగం దొరికాక బ్యాండు మానేశాడు. వేళ్లు మాత్రం మానలేదు.

లాలాగూడ రైల్వే క్వార్టర్ల పక్కన ఒక పాటల క్లబ్బు ఉండేది. అక్కడి ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయించే డ్రమ్ములుండేవి. వాళ్లు దాన్ని జాజ్ సెట్టు అనేవాళ్లు. కాలికొక పెద్ద డ్రమ్ము, చేతులకు చిన్నవి, వాటి మీదుగా ఇనుప కొమ్మకు పూసిన పసుపు పువ్వులా ఒక ఝాంజ్. ఆదివారాల్లో లక్ష్మీనర్సయ్య ఆ హాలు కిటికీ దగ్గర నిలబడి, పాటను వదిలేసి ఆ పువ్వునే చూసేవాడు. నడుస్తూ కొట్టిన ఝాంజ్‌ను ఒక్కసారి కూర్చుని కొట్టాలని అతని కోరిక. అంతకు మించిన కోరిక అతనికి ఉన్నట్టు ఎవరూ ఎరగరు.

అరవై ఎనిమిదో సంవత్సరం వానలు మొదలైన రోజుల్లో, అక్కడ డ్రమ్ములు వాయించే మనిషికి కాజీపేట బదిలీ అయింది. ఆర్కెస్ట్రా పెద్ద రాజన్న క్లారినెట్టు వాయిస్తాడు, మాట కూడా క్లారినెట్టులాగే ముక్కులోంచి వస్తుంది. కిటికీ దగ్గరి మనిషిని అతను గుర్తుపట్టాడు.

"ఏందన్నా, ఎన్నేండ్లు కిటికీల నిలబడ్తవ్? కొట్టొస్తదా?"

"బ్యాండుల కొట్టిన. ఝాంజ్."

"శ్రావణంల ఒక ఐతారం అందరిని పిలుస్తున్న. ఎవరు మంచిగ కొడ్తె వాళ్లకే సీటు. ఇంట్ల ప్రాక్టీసు చేసుకొని రా. సెట్టు మాత్రం ముందుగాల ఎవ్వరిని ముట్టనియ్య, చెప్తున్న."

డ్రమ్ముల సంగతి తేలికే. దిండు మీద కొట్టుకోవచ్చు, పీట మీద కొట్టుకోవచ్చు. డ్రమ్ముకు దెబ్బ చాలు. ఝాంజ్‌కు దెబ్బ తర్వాత వచ్చేదే ప్రాణం. దాన్ని ఎంతసేపు పాడనివ్వాలి, ఏ క్షణాన వేళ్లతో అంచు పట్టుకుని నోరు మూయాలి అన్నది చెవి నేర్చుకోవాలి. బ్యాండు రోజుల నాటి పగిలిన ఝాంజ్ ఒకటి ఇంట్లో ఉంటే, కిటికీ ఊచకు తాడు కట్టి వేలాడదీశాడు. రెండు సాయంత్రాలు కొట్టాడో లేదో, ఇంటి యజమానురాలు విశాలాక్షి గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె భర్త వెంకటసుబ్బారావుది సెక్రటేరియట్‌లో ఉద్యోగం, పుట్టుకతో వచ్చిన తలపోటు.

"చూడు లక్ష్మీనర్సయ్యా, మా ఆయనకి తలపోటు వస్తే నేను గోడ గడియారం కూడా ఆపేస్తాను. నువ్వేమో గుడిగంటలు మోగిస్తున్నావు."

"గుడిగంట గాదమ్మా, ఝాంజ్."

"ఏదైతేనేం నాయనా, నొప్పెట్టే తలకి దాని పేరు తెలుస్తుందా? ఇంకోసారి ఆ ఇత్తడి చప్పుడు వినిపించిందంటే ఇల్లు వేరే చూసుకోండి. నిష్ఠూరంగా అనడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను."

క్యాంపస్‌లో బండల వెనక కొట్టి చూశాడు. హాస్టలు పిల్లలు చుట్టూ మూగి, పెళ్లి ఎవరిదని అడిగారు. ఝాంజ్‌ను సంచిలో పెట్టుకుని వచ్చేశాడు.

శ్రీనివాసరావు అప్పుడు కల్పించుకున్నాడు. ఏలూరు నుంచి వచ్చిన కుర్ర డెమాన్‌స్ట్రేటరు. అతని బల్ల మీద ఎప్పుడూ రెండు మూడు రేడియోలు పొట్టలు విప్పుకుని పడుకుని ఉండేవి. అటెండరు దిగులుగా ఉండటం, వేళ్లు ఆగిపోవడం చూసి సంగతి అడిగాడు. విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"చప్పుడు బయటికి రాకుండా నీ ఒక్కడి చెవిలోనే మోగితే ఎలా ఉంటుందయ్యా?"

"గట్లయితదా సార్?"

"ఎందుకవదూ? చూద్దాం పట్టు."

పాత గ్రామఫోను ముల్లు దగ్గర ఉండే చిన్న స్ఫటికపు ముక్కను బయటికి తీశాడు. గోరంత ఉంది. మబ్బు పట్టిన గాజులా ఉంది. దాన్ని కాస్త నొక్కితే చాలు, కొంచెం కరెంటు పుడుతుందన్నాడు. ఆ కరెంటు వచ్చి తట్టగానే ట్రాన్సిస్టర్లు నిద్ర లేచి, ఝాంజ్ లాంటి హోరును చెవిలో వదిలి, మెల్లగా అణిగిపోతాయన్నాడు.

"ఇదేంది సార్, రాయా?"

"ఉప్పయ్యా. ఒక జాతి ఉప్పు."

"ఉప్పా!"

"నీకర్థం కావాలని అలా చెబుతున్నాలే. ఉప్పే అనుకో."

సారలమ్మను ఇత్తడి పళ్లెం ఒకటి అడిగితే ఆమె ముందు ఇవ్వనంది. "ఉప్పు పళ్లెంల ఏసుకుంటరు గానీ పళ్లెం కింద ఏసుకునుడు ఏందయ్యా?" అని నవ్వి, చివరికి ఇచ్చింది. పళ్లెం అడుగున స్ఫటికం అంటించారు. దాని కింద సైకిలు ట్యూబు రబ్బరు పరిచారు. తీగ వెళ్లి ఒక బిస్కట్ల డబ్బాలోకి దూరింది. డబ్బాలో ట్రాన్సిస్టర్లు, బ్యాటరీలు. డబ్బా పైన, ఎంత చిన్న దెబ్బకు మోగాలో తిప్పుకునే మీట. అక్కడి నుంచి మిలిటరీ వాళ్లు పారేసిన హెడ్‌ఫోను.

మొదటి సాయంత్రం అది మోగింది. బయట టక్కుమనే చిన్న చప్పుడు; చెవుల్లో మాత్రం ఎక్కడో రేకుల కప్పు మీద వాన మొదలై, దూరం జరిగి, ఆగిపోయింది. లక్ష్మీనర్సయ్య ఒక్కడే నవ్వుకుంటూ ఉంటే సారలమ్మ హెడ్‌ఫోను లాక్కుని పెట్టుకుంది.

"అమ్మో! పచ్చిపులుసుకు పోపు పెట్టినట్టున్నది."

ఆ సంతోషం ఒక్క సాయంత్రమే ఉంది.

మర్నాటి నుంచి ఒక దెబ్బకు రెండుసార్లు మోగడం మొదలుపెట్టింది. ఛన్ అనాల్సిన చోట ఛఛన్ అంది. అద్దంలో ముఖానికి వెనక ఇంకో ముఖం కనిపించినట్టు, ప్రతి దెబ్బకు నీడ పడింది. శ్రీనివాసరావు చూసి, "పళ్లెం దెబ్బ తిన్నాక కూడా వణుకుతోంది. ఆ వణుకును ఇంకో దెబ్బనుకుంటోంది మన డబ్బా," అన్నాడు. రబ్బరు రెండు పొరలు చేశారు. రెండుసార్లు మోగడం తగ్గింది. మెల్లగా కొడితే అసలు మోగడం మానేసింది. మీట ఒకవైపు తిప్పితే చిన్న దెబ్బలు వినిపించాయి, నీడలు తిరిగి వచ్చాయి. ఇంకోవైపు తిప్పితే నీడలు పోయాయి, చిన్న దెబ్బలు కూడా వాటి వెంటే పోయాయి. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఒక వెంట్రుక వాసి చోటు ఉండాలి. లక్ష్మీనర్సయ్య ఆ చోటు కోసం మీట తిప్పీ తిప్పీ బొటనవేలికి కాయ తెచ్చుకున్నాడు. వాయించడం ఎప్పుడో ఆగిపోయింది. రోజూ సాయంత్రం బాగు చేసుకోవడమే పనయింది.

ఆ తర్వాత ఎవరూ కొట్టకుండానే మోగింది.

అతను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెవిలో ఛన్. కాసేపటికి ఛన్ ఛన్. హెడ్‌ఫోను తీసేస్తే గోడ అవతల విశాలాక్షి రోట్లో పప్పు రుబ్బుతున్న చప్పుడు. పొత్రం తిరిగినప్పుడల్లా నేల వణుకుతోంది, నేల వణికినప్పుడల్లా పళ్లెం అడుగున ఉప్పుకు మెలకువ వస్తోంది. నన్ను ఝాంజ్ కొట్టొద్దని చెప్పి ఇప్పుడు ఆమే కొడుతోంది అనుకున్నాడు. నవ్వు రాలేదు.

"నీ చెయ్యో, ఆవిడ రోలో ఆ ఉప్పుకేం తెలుస్తుందయ్యా? బొంత మీద పెట్టి చూడు," అన్నాడు శ్రీనివాసరావు. బొంత మీద పెడితే దెబ్బకు పళ్లెం పక్కకు ఒరిగి, తీగ వంగి వంగి లోపలే తెగింది. దాన్ని అతికించారు. జిగురు ఎక్కువై ఉప్పు మొద్దుబారింది. గీకి మళ్లీ అంటించారు.

ల్యాబులో కూడా అతని నోట అదే మాట. ఒక మధ్యాహ్నం శ్రీనివాసరావుతో, "తాళం పడ్తలేదు సార్, ఎంత గట్టిగ కొట్టినా పడ్తలేదు," అని మొత్తుకుంటుంటే, ఊడ్చే సోమమ్మ విని వెళ్లి స్టోరు గది తాళంలో కొబ్బరినూనె పోసి వచ్చింది.

"ఇగ పడ్తదిలే నర్సన్నా. నూనె పోసిన. తాళాన్ని కొడ్తరా ఎవరన్న?"

శ్రీనివాసరావు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. లక్ష్మీనర్సయ్య మాత్రం స్టోరు తాళానికేసి ఈర్ష్యగా చూశాడు. దానికి నూనె చుక్క చాలింది.

ఇంటి దగ్గర అతను మారిపోతూ వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కంచానికి చెవి పెట్టేవాడు. సారలమ్మ గిన్నె దించితే, "మెల్లగ పెట్టరాదే!" అని కసిరేవాడు. ఒకరోజు ఆమె గిన్నెను దబ్బున దించింది.

"నీ చప్పుడుకు ఆ అమ్మ తిడ్తది, నా చప్పుడుకు నువ్వు తిడ్తవ్. నేను ఎక్కడ బతకాలె? ఆ పళ్లెం నాకియ్యి, అన్నమన్న తింట."

"ఐతారం దాంక ఓపిక పట్టు సారలా. ఒక్క ఐతారం."

రాజన్న కబురు వచ్చేసింది మరి. ఆ వచ్చే ఆదివారమే పిలుపు.

ఆ వారమంతా ముసురు. క్యాంపస్ రాతి మేడలు తడిసి పాత వెండిలా నల్లబడ్డాయి. తార్నాక చౌరస్తాలో బస్సులు నీళ్లను చీల్చుకుంటూ పోయాయి. గదిలో గోడలు చెమర్చాయి, అగ్గిపుల్లలు మెత్తబడ్డాయి, ఆరేసిన ధోవతి ఆరనే లేదు. శుక్రవారం నాడు పళ్లెం పూర్తిగా మూగబోయింది. మెల్లగా కొట్టాడు, గట్టిగా కొట్టాడు, పిడికిలితో గుద్దాడు. చెవుల్లో ఏమీ లేదు. బావిలోకి రాయి వేసి, నీళ్ల చప్పుడు కోసం వంగి ఉన్నట్టు అలాగే ఉండిపోయాడు.

శ్రీనివాసరావు చెల్లెలి నిశ్చితార్థానికి ఏలూరు వెళ్లాడు, సోమవారం గానీ రాడు. లక్ష్మీనర్సయ్యే బ్యాటరీలు మార్చాడు. తీగను ముని పంటితో కొరికి కొత్త మొన తీశాడు. మీటను రెండు కొసలకూ తిప్పాడు. చివరికి పళ్లేన్ని కొట్టే పుల్ల విసిరేశాడు. అది గోడకు తగిలి పెద్ద చప్పుడు చేసింది. గదిలో ఆ రోజు సరిగ్గా మోగింది అదొక్కటే.

సారలమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది:

"వానకాలం గదా. ఉప్పు చెమ్మగిల్లింది గావచ్చు."

అతను తల తిప్పి చూశాడు. ఆమె ఉప్పు కుండ ఎప్పుడూ పొయ్యి గట్టు మీదే ఉంటుంది. వానాకాలం ఉప్పును వేడి పక్కన పెట్టని ఇల్లు లేదు. పెళ్లి బ్యాండులో కూడా అంతే. వాన పడితే డోలు చర్మం వదులైపోతుంది, గడ్డి మంట వేసి కాచితే మళ్లీ ఖణేల్‌మంటుంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తనకు తట్టలేదేమిటని అతనికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"నీ నోట్ల చక్కెర పొయ్య! సారు ఉప్పు అని చెప్పనే చెప్పిండు. ఆరబెడ్తె అయిపాయె."

పళ్లేన్ని పొయ్యి గట్టు మీద, ఉప్పు కుండ పక్కన పెట్టాడు. డోలును కాచినట్టే మధ్యమధ్య తిప్పాడు. ఇత్తడి వెచ్చబడింది. రబ్బరు వాసన వేసింది. ఇంకాస్త ఆరనిద్దామనుకున్నాడు.

చల్లారాక కొట్టాడు. ఏమీ లేదు. తిరగేసి చూశాడు. జిగురు పక్క నుంచి ఒక చుక్క జారి, రబ్బరు మీద నిలబడి ఉంది. స్ఫటికం ఉన్న చోట పలచని తడి. వేలితో అద్దుకుని చూశాడు. వేలికి అంటుకుంది.

"కరిగిందే," అన్నాడు.

సారలమ్మ పక్కన కూర్చుంది. "ఉప్పు ఆరాలె గానీ కరుగుడేందయ్యా? గిదేం ఉప్పు?"

అడగడానికి సారు లేడు.

ఆదివారం లాలాగూడ హాలులో కిటికీలు తెరిచే ఉన్నాయి. లక్ష్మీనర్సయ్య మొదటిసారి వాటికి లోపలివైపు ఉన్నాడు. అతనికి ముందు, వర్క్‌షాపులో పనిచేసే పోచయ్య అనే ఫిట్టరు కొట్టాడు. తప్పులు చేశాడు గానీ పాటతో పాటు పరుగెత్తాడు. తర్వాత ఇతని వంతు వచ్చింది. స్టూలు మీద కూర్చుంటే డ్రమ్ములు తను ఊహించినంత దూరంలోనే ఉన్నాయి. ఝాంజ్ కూడా భుజానికి అందేంత దగ్గరలో, వాన వెలుతురు తాగి మెరుస్తోంది.

రాజన్న క్లారినెట్టు ఎత్తాడు. డ్రమ్ములు బాగానే నడిచాయి. ఝాంజ్ వంతు వచ్చింది. కొట్టాడు.

అది మోగింది. అడిగిన వెంటనే, అడిగినంత మేర, హాలు గోడల దాకా వెళ్లి మోగింది. అయినా అతని చెయ్యి గాలిలో ఆగింది. మోగిందా? ఒకటేనా, రెండా? చెవి తలుపు దగ్గరే నిలబడి లెక్క చూసుకుంటోంది. ఈలోగా పాట ఒక అడుగు ముందుకు వెళ్లిపోయింది. అతను అందుకున్నాడు. మళ్లీ ఝాంజ్, మళ్లీ ఆ ఆగడం. తెలుస్తూనే ఉంది. ఆగొద్దని చేతికి చెప్పాడు. చెయ్యి వినలేదు. ఆ పళ్లెం ఒక్కసారి కూడా సరిగ్గా పలకకపోయినా, చేతికి మాత్రం తన పాఠమంతా నేర్పి పోయింది.

రాజన్న క్లారినెట్టు దించాడు.

"ఏందన్నా, ఝాంజ్ కొట్టినప్పుడల్ల ఎవరి కోసం చూస్తున్నవ్?"

"మోగిందా లేదా అని."

ఎవరో కిసుక్కుమన్నారు. రాజన్న నవ్వలేదు.

"ఇత్తడి గదనే. కొడ్తె మోగుతది. నువ్వు దాని మీద దావా ఏసినట్టు చూస్తున్నవేంది?"

లక్ష్మీనర్సయ్యకు జరిగిందంతా చెప్పాలనిపించింది. ఉప్పు, రోలు, బొంత, పొయ్యి. ఎక్కడ మొదలుపెట్టినా నవ్వుతారని ఊరుకున్నాడు. సీటు పోచయ్యకు వచ్చింది.

మెట్ల దగ్గర రాజన్న వెనక నుంచి పిలిచాడు. "చెయ్యి మంచిగున్నది నీది. చెవికే నమ్మకం లేదు. ఒక పని చెయ్యి. మంగళారం మంగళారం ప్రాక్టీసు నడ్మ మావోళ్లు చాయ్‌కు పోతరు. సెట్టు ఖాళీగ ఉంటది. వచ్చి కొట్టుకో. గా ఆగుడు పోవాలె."

"చాయ్ తాగేటప్పుడా?"

"ఆఁ. ఇష్టముంటెనే."

ఇంటికి నడిచొస్తుంటే ఆ మాటే చెప్పుల్లో ఇసుకలా గుచ్చుకుంది. వాళ్లు చాయ్ తాగేంతసేపు. నాలుగు గుక్కలు. సారలమ్మ పళ్లేన్ని చింతపండుతో తోమి కడిగి, అందులోనే అతనికి అన్నం పెట్టింది.

సోమవారం శ్రీనివాసరావు ఊరి నుంచి వస్తూనే జేబులోంచి పొట్లం తీశాడు. ఏలూరులో ఎవరి గ్రామఫోనో విప్పి సంపాదించిన ఇంకో స్ఫటికం. సంగతి విని తల పట్టుకున్నాడు.

"ఎవరు పొయ్యి దగ్గర పెట్టమన్నారయ్యా! ఆ ఉప్పు లోపలే నీళ్లుంటాయి, ఎండ తగిలితేనే కరిగి ప్రాణం పోతుంది."

"మీరే ఉప్పు అన్నరు గద సార్."

శ్రీనివాసరావు బల్ల మీద విప్పిన రేడియోల వైపు చూశాడు.

"అన్నాను. నిజమే." వెంటనే మళ్లీ ఉత్సాహం తెచ్చుకున్నాడు. "పోనీలే, ఇది ఉందిగా. ఈసారి మైనం పూసి తడి తగలకుండా చేద్దాం. మీట బదులు రెండు మీటలు పెడితే ఆ జంట దెబ్బల సంగతి కూడా..."

"వద్దు సార్."

ఈ ల్యాబులో చేరిన నాటి నుంచి లక్ష్మీనర్సయ్య ఏ సారుతోనూ అనని మాట అది.

"మరి నీ ఝాంజ్?"

"ఇత్తడిదే కొడ్త సార్. లాలాగూడకు పోయి."

మంగళవారం సాయంత్రం అతను వెళ్లేసరికి ఆర్కెస్ట్రా వాళ్లు చాయ్‌కి లేస్తున్నారు. పోచయ్య స్టూలు ఖాళీ చేస్తూ పుల్లలు చేతికిచ్చి, "గట్టిగ కొట్టకన్నా, కొత్త తోలు," అని పోయాడు. ఆ మాటకు కూడా కోపం వచ్చింది. కూర్చున్నాడు. కొట్టాడు. ఝాంజ్ హాలంతా నిండింది. చెయ్యి ఆగింది.

థూ అనుకున్నాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆగింది. బయట కప్పులు సాసర్లలో దిగుతున్న చప్పుడు. పళ్లు బిగించి ఇంకోసారి కొట్టి, మోగిందో లేదో చూడకుండానే తర్వాతి దెబ్బకు చెయ్యి తోశాడు.